చిన్నాయనను అడగకూడని ప్రశ్న

మొన్న ఆదివారం లీసెస్టర్‌లో మా ఇంటికి వచ్చిన అక్క కూతురు వంటింటి బల్ల ముందు కళ్ళు మూసుకుని కూర్చుని, తన తలవెంట్రుక ఒకదాన్ని కాగితం కింద పెట్టి, పైనుంచి వేలికొసలతో వెతుక్కుంటూ కనిపించింది. కైరోప్రాక్టర్ చదువులో చేరి రెండు నెలలైనా కాలేదు కనుక ఇంట్లోవాళ్ళకు ఆ పిల్లకేదో అయిందన్న అనుమానం. నాకు మాత్రం చేతిలో టీ చల్లారేదాకా అక్కడే నిలబడాలనిపించింది. ఒక కాగితం కింద వెంట్రుక తగిలితే రెండు కాగితాలు, ఆపైన నాలుగు, అలా వేళ్ళకు చూపు తెప్పించడమే మా విద్యకు ఓనమాలు. నేనైతే ఏకంగా టెలిఫోన్ డైరెక్టరీ కింద పట్టుకునేవాణ్ణని చెప్పాను. అబద్ధమే, ఏడెనిమిది పేజీలు దాటితే నాకేమీ తెలిసేది కాదు, కానీ డైరెక్టరీ ఎంత లావుంటుందో ఆ పిల్లకు తెలియదు కనుక పరువు దక్కింది.

మా కాలంలో ఇంజనీరూ డాక్టరూ కాని చదువును బంధువులకు వివరించడం ఎంత కష్టమో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వెన్నెముకనూ కీళ్ళనూ చేతులతో సరిచేసే విద్య అంటే, మాలీషు చేయడానికి ఇంగ్లండు దాకా పోవాలా అన్నాడు మా పెద్ద బావ. ఆ దెబ్బకే నాకు కోతలు కోసే అలవాటు పట్టుకుంది. దక్షిణాన సముద్రం ఒడ్డునున్న కాలేజీ నుంచి శని, ఆదివారాలు ఈస్ట్ హామ్‌లో చిన్నాయన ఫ్లాట్‌కు వచ్చేవాణ్ణి. ఆయన మా నాన్నకు తమ్ముడు, బస్సు డ్రైవరు. ఆయన సోఫాలో కూర్చునే స్నేహితులకు నేను ఆ వారం చేసిన అద్భుతాలు చెప్పేవాణ్ణి: మూడేళ్ళు మంచంలో ఉన్న దొరను నడుము ఒక్కసారి టక్కుమనిపించి లేపి నిలబెట్టానని, ఆయన ఆ సాయంత్రమే ఫుట్‌బాల్ ఆడాడని.

అసలు సంగతి ఏమిటంటే, మొదటి ఏడాదంతా గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా, చేతికి తగిలిన ఎముక పేరు చెప్పడమే సరిపోయింది. తరువాత ఒకరి వీపు మీద ఒకరం నేర్చుకునేవాళ్ళం. వీపు వైపు తెరిచి ఉండే గౌను వేసుకుని ముప్పైమంది ముందు నిలబడ్డ రోజున నాకు మా ఇలవేల్పు పేరు కూడా గుర్తు రాలేదు. బలం కాదు, వేగం కావాలనేవారు. వేగం కంటే ఎక్కడ ఆపాలో తెలియడం ముఖ్యమనేవారు. నేను దిండ్ల మీద అభ్యాసం చేస్తుంటే చిన్నమ్మ చూసి, ఆ బలమేదో చపాతీ పిండి మీద పెట్టరాదా బిడ్డా అనేది.

చివరి ఏడాది కాలేజీ క్లినిక్‌లో నిజమైన రోగులను చూడాలి. అక్కడే దొరికిపోయాను. నడుము నొప్పితో వచ్చిన ఒక గుజరాతీ తాతగారిని అడగవలసినవన్నీ అడిగాను, ఒక్కటి తప్ప: మూత్రం సరిగ్గా వస్తోందా, కూర్చునే చోట మొద్దుబారిందా అన్నది. పెద్దమనిషి, మా తాత వయసు, ఎలా అడుగుతాం? మూలన కూర్చుని చూస్తున్న మా పంతులమ్మ, యార్క్‌షైర్ ఆవిడ, తాతగారు వెళ్ళాక నన్ను నిలబెట్టి, వెన్నెముక అడుగున నరాల కట్ట నలిగితే మొదట తెలిసేది అక్కడేననీ, గంటల్లో ఆపరేషన్ కాకపోతే మనిషి జన్మంతా అలాగే మిగిలిపోతాడనీ, అలాంటి నడుము మీద చెయ్యి వేస్తే మరీ ప్రమాదమనీ చెప్పి, నీ మర్యాద ఎవరినో ఒకరిని చక్రాల కుర్చీ పాలు చేస్తుందని ఆ రోజు నాకు సున్నా వేసింది.

సరిగ్గా తరువాతి ఆదివారం ఉదయం ఈస్ట్ హామ్‌లో చిన్నాయన దిండ్లు పరుచుకుని బోర్లా పడుకుని ఉన్నాడు. నెలరోజులుగా నడుము నొప్పి. క్లినిక్ బయట ఎవరి మీదా చెయ్యి వేయకూడదన్నది మాకు గట్టి నియమం, వేస్తే చదువే పోతుంది. కానీ సోఫాలో ఇద్దరు అంకుల్స్ టీ తాగుతూ నన్నే చూస్తున్నారు.

"ఏం రా డాక్టరూ, మాటలేనా, చేతులు గూడ ఉన్నయా?" అన్నాడు చిన్నాయన.

"ఆ టక్కు సప్పుడు మాకు గూడ ఇనిపియ్యాలె మరి," అన్నాడు ఒక అంకుల్.

ఒప్పుకోక ఏం చేస్తాను, ఇన్నేళ్ళుగా కోసిన కోతలు అక్కడే నిలబడి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొన్నటిదాకా ఎడమ కాలే గుంజేది, నిన్నటి నుంచి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయని ఆయన మాటల్లో మాటగా అన్నాడు. నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అంకుల్స్‌ను వంటింట్లోకి పంపి, గొంతు తగ్గించి, ఆ రెండు ప్రశ్నలూ అడిగాను.

"సిగ్గు లేదురా నీకు? మీ నాయిన తమ్మున్ని అడిగే మాటేనా ఇది? గిదేనా నీ సదువు?"

"గిదే, చిన్నాయనా. చెప్పకుంటే చెయ్యి వెయ్య."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని చెప్పాడు. "నిన్న పొద్దటి సంది సరిగ్గ అస్తలేదు. సీటు మీద కూసున్నట్టే తెలుస్తలేదు రా."

గుమ్మం దగ్గర చిన్నమ్మ ఉన్నదని అప్పుడు చూశాను. "మరి బస్సెట్ల నడిపినవయ్యా నిన్న?" అని ఏడుపు లంకించుకుంది. అంకుల్స్‌లో ఒకరి కారులో ఎమర్జెన్సీకి పోయాం. అక్కడ రిసెప్షన్‌లోని అమ్మాయికి ఆ రెండు మాటలే మళ్ళీ చెప్పాను. చెప్పగానే లోపలికి తీసుకున్నారు, చీకటి పడకముందే ఆపరేషన్ అయిపోయింది. ఇంకో రోజు ఆగి ఉంటే మాత్రం మేమేమీ చేయగలిగేవాళ్ళం కాదని సర్జన్ చిన్నమ్మతో అన్నాడు.

మూడు నెలలకు చిన్నాయన కర్ర పట్టుకుని, ఆరు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. బస్సు మాత్రం మళ్ళీ ఎక్కలేదు, డిపోలో డ్రైవర్ల డ్యూటీ పట్టికలు రాసే పనిలో కుదురుకున్నాడు. కోతల్లో నన్ను మించిపోయిందీ అప్పుడే. మావాడు ముట్టుకోకుండా, గది అవతలి నుంచి చూపుతోనే పసిగట్టాడని ఈస్ట్ హామ్ అంతా చెప్పాడు. నేను అడిగిన ప్రశ్నలను మాత్రం ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు. నేనూ ఆయన కథనే ఒప్పుకుని తలూపేవాణ్ణి.

ఇప్పుడు నా క్లినిక్‌కు వచ్చేవాళ్ళు ఇంటి దగ్గరే ఫోనులో ఫారం నింపి వస్తారు. ఆ ప్రశ్న ఎక్కడో మధ్యలో ఉంటుంది, పక్కనే అవును, కాదు అని రెండు గడులు. ఎవరికీ సిగ్గుపడే పని లేదు, ఎంత హాయి అంటుంది మా అక్క కూతురు. నిజమే, హాయే. అయినా నేను నోటితో మళ్ళీ అడుగుతాను. ముసలివాళ్ళు కూడా ఫోనులోంచి తల ఎత్తకుండా నో అనేసి తరువాతి ప్రశ్న కోసం చూస్తారు. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ ప్రశ్నకు నన్ను తిట్టిన మనిషి ఆయన తరువాత ఒక్కడూ రాలేదు. అలా తిట్టి, గోడవైపు తిరిగి, ప్రాణం నా చేతిలో పెట్టినట్టు నిజం చెప్పిన మనిషీ రాలేదు.