త్రిమూర్తులు ఉపవాసాలు

సువార్తమ్మ చేతి వంట కోసమే శుక్రవారం ఆరాధనకి వచ్చేవాళ్ళు కొందరుండేవారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పాస్టరు అయ్యగారికీ తెలుసు. వారమంతా లేబర్ క్యాంపుల్లో పప్పూ రొట్టె తిని విసిగిపోయిన కుర్రాళ్ళు ప్రసంగం సాగుతుండగానే పెరటి వైపు చూపులు తిప్పేవారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ప్రభుదాసు అయ్యగారు పాత విల్లా ఒకటి అద్దెకు తీసుకుని తెలుగు సంఘం నడిపేవారు. హాల్లో ప్రార్థన, వెనక గదుల్లో అయ్యగారి కాపురం, పెరట్లో రేకుల షెడ్డు కింద వంట. ఆ షెడ్డు మాత్రం సువార్తమ్మది. అందులో అయ్యగారి భార్య మాట కూడా చెల్లేది కాదు.

ఆమెది రాజోలు దగ్గర లంక గ్రామం. భర్త పోయాక ఇంటిపని వీసా మీద వచ్చింది. మొదటి ఇంట్లో పని అయిపోగానే గదిలో పెట్టి తాళం వేసేవారు. తప్పించుకుని రోడ్డున పడితే తెలుగువాళ్ళెవరో తెచ్చి ఈ విల్లాలో దింపారు. అయ్యగారు ఆమెని ఇంట్లో ఉంచుకున్నారు. ఆమెకి వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి చుట్టూ తిరిగి, తిట్లు తిని, ఆమె పాస్‌పోర్టు విడిపించారు. తర్వాత షార్జాలోనే ఓ మర్యాదగల అరబ్బు ఇంట్లో వంటపని చూపించారు. శుక్రవారం సెలవు ఇచ్చే ఇల్లు అది. "నన్ను బతికించింది దేవుడూ, అయ్యగారూ" అనేది సువార్తమ్మ. ఇద్దరిలో ఎవరు ముందని ఎవరైనా అడిగితే కొంచెం ఆలోచించవలసి వచ్చేది.

త్రిమూర్తులు ఆ విల్లాకి 2005లో వచ్చాడు. అతనిదీ గోదావరి వైపే. దుబాయ్ జెబెల్ అలీలో కట్టుబడి పని చేస్తూ పరంజా మీద నుంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి గాని తల మునుపటిలా కాలేదు. మాట మొదలుపెట్టి సగంలో దారి తప్పేవాడు. చెప్పిన పని చేసేవాడు. చెప్పకపోతే ఉన్నచోటే నిలబడేవాడు. కంపెనీవాళ్ళు ఇంటికి పంపేద్దామనుకుంటుంటే అయ్యగారు ఆస్పత్రికి వెళ్ళి, పూర్తిగా స్వస్థత కలిగేదాకా సంఘం చూసుకుంటుందని చెప్పి తీసుకొచ్చారు. ఊళ్ళో అతని భార్య ఆదిలక్ష్మి ఫోన్లో ఏడ్చి, సరేనంది.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అతను లేచి సాక్ష్యం చెప్పేవాడు. "నేను సచ్చిపోయాను. అయ్యగారు ప్రార్థన సేసేరు. నేను లేచేను." అంతే. ఆ ముక్కలకి హాలు దద్దరిల్లేది. క్యాంపుల్లో ప్రార్థనలకి కూడా అతన్ని వెంట తీసుకెళ్ళేవారు. చచ్చి లేచిన మనిషిని చూద్దామని కొత్తవాళ్ళు వచ్చేవారు. వారంలో మిగతా రోజులు అతను విల్లా ఊడ్చి, బాత్రూములు కడిగి, కారు తుడిచేవాడు. అయ్యగారు మోసగాడు కాదు. ఆయన ఆ అద్భుతాన్ని నిజంగానే నమ్మారు. అందుకే ఆ చివరి మాట రాక త్రిమూర్తులు నోరు తెరిచి నిలబడిపోయిన రోజున తట్టుకోలేకపోయేవారు. ఏదో దురాత్మ ఇంకా అడ్డుపడుతోందనేవారు. "సహోదరుడు త్రిమూర్తులు ఉపవాసంలో ఉంటాడు. ఎవరూ అతన్ని శోధనలో పడెయ్యకండి" అని వేదిక మీద నుంచే చెప్పేవారు.

ఉపవాసంలో ఉన్నవాడి ముందు పళ్ళెం పెట్టకూడదు. తిను అనకూడదు. సంఘంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది. సువార్తమ్మ ఆ మర్యాదని అందరికంటే గట్టిగా పాటించేది. పంక్తిలో అతన్ని దాటి పక్కవాడికి వడ్డించేది. అతని కళ్ళు గరిటె వెంట తిరుగుతుంటే శరీరం శోధిస్తోంది పాపం అనుకుని, "వాసన తగలకుండా గేటు దగ్గర కూర్చో అబ్బాయ్" అని పంపించేది. అది దయే అనుకుంది.

2007లో రంజాన్ సెప్టెంబరులో వచ్చింది. సువార్తమ్మ పనిచేసే ఇంట్లోనే కడప నుంచి వచ్చిన దౌలత్‌బీ పిల్లల్ని చూసుకునేది. సాయంత్రం ఇఫ్తార్ కోసం ఇద్దరూ సమోసాలు చుడుతున్నారు.

"నువ్వు రోజా ఉండి కూడా నూనె దగ్గర నిలబడతన్నావు, గట్టిదానివే" అంది సువార్తమ్మ.

"గట్టిదాన్నేం కాదు మే. మగ్రిబ్ నమాజు ఎప్పుడైతాదా అని గడియారం నన్ను సూచ్చాంది, నేను దాన్ని సూచ్చాండా."

"మా సంఘంలో త్రిమూర్తులని ఉన్నాడులే. మీకు పొద్దుగూకితే అయినా ఉంది. అతను వారంలో రెండేసి రోజులు మంచినీళ్ళతో ఉంటాడు."

"యా త్రిమూర్తులు? తల పగిలి మతి పోయిందంటివే, ఆ పిల్లోడా?"

"ఆడే."

దౌలత్‌బీ చేతిలో సమోసా కింద పెట్టింది. "వానికి ఉపాసమేంది మే? మా తాన మతిలేనోనికి రోజా లేదు. రోగమొచ్చినోనికి మాఫ్. పొద్దన్నే లేసి నేను ఉంటాండా అని మనసులో నీయత్ చేసుకోవల్ల. ఆ పిల్లోనికి నీయత్ ఎవురు చేసినారు, మీ అయ్యగారా?"

"మా ఉపవాసాలు వేరే" అంది సువార్తమ్మ కోపంగా.

"వేరేనేలే. కడుపు మాత్రం ఒకటే గదా" అని నవ్వి దౌలత్‌బీ పిల్లల దగ్గరకి పోయింది.

ఆ మాట సువార్తమ్మని వదల్లేదు. తను కూడా ఎన్నో ఉపవాసాలు చేసింది. ప్రతిసారీ తనే మోకరించి, తనే మొక్కుకుంది. త్రిమూర్తులు మొక్కుకోగా తను ఎన్నడూ చూడలేదు. చూడలేదన్న సంగతి ఇన్నాళ్ళూ తోచనే లేదు.

తర్వాతి శుక్రవారం పెందలాడే వెళ్ళింది. ముందువారం కూడా సాక్ష్యం మధ్యలో ఆగిపోయి త్రిమూర్తులు ఉపవాసంలో ఉన్నాడు. షెడ్డులో నానబెట్టిన బియ్యం గిన్నె దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. బుగ్గ ఉబ్బి ఉంది. ఆమెని చూసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి పచ్చి బియ్యం రాలింది. చేతులెత్తినప్పుడు చొక్కా పైకి లేచి, నడుం మీద బెల్టు వాతలు కనిపించాయి.

"సెప్పకండక్కా, అయ్యగారికి సెప్పకండి" అన్నాడు.

"ఈ ఉపవాసం నువ్వే అనుకున్నావా అబ్బాయ్?"

"అయ్యగారు అన్నారండి."

"ఎప్పుడవుద్ది?"

"సాక్ష్యం బాగా సెప్తే అవుద్దంటండి." రాలిన గింజలు ఏరుకుంటూ, "నాకు అది రావట్లేదండి" అన్నాడు.

సువార్తమ్మ చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళింది. అయ్యగారు ప్రసంగం చూసుకుంటున్నారు. అమ్మగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

"అయ్యగారండీ, త్రిమూర్తులుకి ఇంక ఉపవాసాలు వద్దండి. పచ్చి బియ్యం తింటన్నాడు. ఒంటి మీద దెబ్బలున్నాయి."

ఆయన నొచ్చుకున్నారే గాని కేకలెయ్యలేదు. "కొడుకుని దండించని తండ్రి ఉంటాడా సువార్తమ్మా? ఆ దెబ్బ అతనికి కాదు. అతన్ని పట్టుకున్నదానికి."

"తగిలింది అతనికే కదండీ. క్షమాభిక్ష నడుస్తంది. ఇతనిలాగా వీసా అయిపోయి కాగితాల్లేనోళ్ళు జరిమానా లేకుండా ఇంటికి పోతన్నారు. పంపించేద్దామండి."

"పంపితే ఆ ఆదిలక్ష్మి ఏం చేసుకుంటుంది ఇతన్ని? అదీగాక" అని ఆయన గొంతు తగ్గించారు, "అక్కడ ఆఫీసులో ఈ దెబ్బలేంటని అడిగితే? ఈ విల్లా మూసేస్తే నీలాంటివాళ్ళు రేపు ఎక్కడికొస్తారు? నువ్వు ఏ స్థితిలో వచ్చావో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అదే ఆమె నోరు కట్టేసింది. "వెళ్ళి వంట చూసుకోమ్మా, టైమవుతోంది" అంది అమ్మగారు. సువార్తమ్మ వెళ్ళి వంట చూసుకుంది. కోడికూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్ళీ వేసింది.

ఆ రోజూ త్రిమూర్తులు లేచాడు. "నేను సచ్చిపోయాను" అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. హాలు ఎదురుచూసింది. వెనక ఎవరో తర్వాతి మాట అందించబోయారు. అయ్యగారు చెయ్యెత్తి వారించి, సహోదరుని ఉపవాసం ఈ వారం కూడా కొనసాగుతుందని చెప్పారు. కొందరు ఆమేన్ అన్నారు.

కిటికీలకి పరదాలు దించి విందుకి కూర్చున్నారు. రంజాన్ కాబట్టి బయటికి కనబడకూడదని జాగ్రత్త. త్రిమూర్తులు అలవాటు ప్రకారం గేటు వైపు నడుస్తుంటే సువార్తమ్మ చెయ్యి పట్టుకుని పంక్తి మొదట్లో కూర్చోబెట్టింది. పళ్ళెం పెట్టింది. అన్నం వడ్డించింది. కూర వేసింది.

అమ్మగారు లేచి పళ్ళెం దగ్గరకి వచ్చింది.

"సువార్తమ్మా, అతను ఉపవాసంలో ఉన్నాడు" అంది అమ్మగారు.

"ఎవరు మొక్కుకున్నారండీ?"

"అదేం మాట?"

"నేను మొక్కుకుంటే నేనుంటాను. మీరు మొక్కుకుంటే మీరుంటారు. ఇతను మొక్కుకున్నట్టు ఇక్కడ ఒక్కళ్ళు చూశారేమో చెప్పమనండి." అతని వైపు తిరిగింది. "ఆకలేస్తందా అబ్బాయ్?"

త్రిమూర్తులు అయ్యగారి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. పళ్ళెం వైపు చూశాడు. "ఏస్తందండి" అన్నాడు.

"తిను."

అతను తింటుంటే చూడటం కష్టమైంది. ఒకాయన దైవజనుడి ఇంట్లో తిరుగుబాటా అని పళ్ళెం వదిలేసి లేచాడు. ఆయన వెనకే ఇంకొందరు లేచారు. ఎక్కువమంది తలలు వంచుకుని తమ అన్నం తాము తిన్నారు. ఇన్నాళ్ళూ అతన్ని దాటిన గరిటెతోనే వాళ్ళందరికీ వడ్డన జరిగింది. ఆ సంగతి సువార్తమ్మకి తట్టింది. తనకి తట్టినంతగా వాళ్ళకి తట్టిందో లేదో తెలియలేదు.

అయ్యగారు మాత్రం మెల్లిగా, "నువ్వు తినిపిస్తున్నది ఎవరికో నీకు తెలియదమ్మా" అన్నారు.

మూల నుంచి హన్మాండ్లు లేచాడు. నిజామాబాద్ మనిషి, గ్యారేజీ పికప్ నడిపేవాడు, నవ్వించడం తప్ప సంఘంలో ఎన్నడూ పెద్దగా మాట్లాడని మనిషి. "ఇగ ఖలాస్ అయ్యగారూ. అక్కా, అన్నం తిన్నంక ఆయన్ని నా బండ్ల కూసోబెట్టు. మా రూంల ఉంటడు. క్షమాభిక్ష దఫ్తర్ తెరువంగనే నేను తోల్కపోత."

"నీకు బాధ్యత తెలుసా?" అన్నారు అయ్యగారు.

"తెల్వది. అన్నం పెట్టుడైతే తెలుసు."

దేశం దాటనిచ్చే ఔట్‌పాస్ కాగితం రావడానికి చాలాసార్లు తిరగవలసి వచ్చింది. క్షమాభిక్ష గడువు ముగియక ముందే త్రిమూర్తులు విమానమెక్కాడు. ఎక్కేముందు హన్మాండ్లుని, "అయ్యగారు రమ్మన్నారా?" అని అడిగాడట.

సువార్తమ్మని ఎవరూ రావద్దనలేదు. షెడ్డులో ఇంకెవరో వండుతున్నారని మాత్రం తెలిసింది. సెలవు రోజున ఆమె తన గదిలో పాటలు పాడుకునేది. ఒక్కదాని గొంతు ఆమెకే నచ్చేది కాదు. ఆ దేశంలో ఆమెకి చుట్టాలంటే ఆ హాల్లో కూర్చునేవాళ్ళే.

ఆదిలక్ష్మి కూడా సంతోషించలేదు. "ఎందుకు పంపించేసేరండి? అక్కడ అయ్యగారు సూసుకుంటన్నారు కదా. ఇక్కడ కూలికి నేను పోతే ఈయన్ని ఎవరు సూస్తారు?" అంది మొదటి ఫోన్లో.

కొత్త సంవత్సరం వచ్చాక అమ్మగారు ఫోన్ చేసింది. అయ్యగారు అంతా క్షమించారట. వచ్చే శుక్రవారం లేచి, శోధనలో పడి పొరపాటు చేశానని ఒక్క సాక్ష్యం చెబితే చాలట. షెడ్డు మళ్ళీ ఆమెదే. "నువ్వు లేక పంక్తి పంక్తిలా లేదమ్మా" అంది. ఆ మాటకి సువార్తమ్మకి కళ్ళు చెమర్చాయి. రెండు రోజుల్లో చెబుతానంది. ఆ రెండు రోజులూ వెళ్దామనే అనుకుంది.

మాట ఇచ్చేముందు ఒకసారి ఆదిలక్ష్మికి ఫోన్ చేసింది.

"బాగానే ఉన్నాడండి. పొలం గట్టు దాకా వస్తన్నాడు. ఒక్కటే, అన్నం పెట్టినప్పుడల్లా ఉపవాసం అయిపోయిందా అనడుగుతాడు. అయిపోయిందంటే గాని ముట్టడు. అదేం ఉపవాసమండీ? మీకేవైనా తెలుసా?"

సువార్తమ్మ చెప్పింది. బియ్యం సంగతీ, బెల్టు సంగతీ, తను అతన్ని గేటు దగ్గరకి పంపిన సంగతీ. "మరి మీరందరూ అక్కడే ఉన్నారు కదండీ" అంది ఆదిలక్ష్మి. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మగారికి ఫోన్ కలిపింది సువార్తమ్మ.

"నిర్ణయించుకున్నావా అమ్మా? వస్తున్నావా?"

"ఒక్క మాట చెప్పండమ్మగారూ. ఇప్పుడు విల్లాలో ఎవరు ఉపవాసంలో ఉన్నారు?"

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. "కొత్తగా ఒక పిల్ల వచ్చింది, అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి. ఎవరూ లేరు పాపం. అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు" అంది అమ్మగారు, గొంతు తగ్గించి. అంతలో ఆమెని ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేసింది.

సువార్తమ్మ హన్మాండ్లు నంబరు నొక్కింది. ఇంకో మనిషిని ఎక్కించుకోవాలి, శుక్రవారం పొద్దున్నే బండి తీసుకుని విల్లా దగ్గరకి రమ్మంది.