ఖడ్గమృగం ఒప్పుకోలేదు

మదనపల్లె ఫొటోగ్రాఫరు ప్రేమానందానికి ఒకటే జబ్బు. ఎదుటివాళ్లు సరేననందే ఫొటో తీయడు. మనుషుల సంగతి సరే, పుంగనూరు ఆవును తీయాలన్నా దాని ముందు నిలబడి "తీసుకోనా తల్లీ?" అని అడుగుతాడు. తోక ఊపితే తీస్తాడు, తల తిప్పుకుంటే ఇంటికొచ్చేస్తాడు. ఒకసారి నెలల బిడ్డ "ఊఁ" అనేదాకా పొద్దంతా కాచుకున్నాడు. బిడ్డ "ఊఁ" అనేసరికి ఎండ పోయింది.

"అడక్కుండా తీస్తే దొంగతనం గాదా?" అనేవాడు.

"ఆ లెక్కన అద్దం గూడా దొంగే," అనేది భార్య జ్ఞానమ్మ.

1949లో జ్ఞానమ్మ తమ్ముడు విక్టర్ అస్సాం నుంచి జాబు రాశాడు. అతను అక్కడ తేయాకు తోట ఆసుపత్రిలో కాంపౌండరు. దగ్గర్లోనే కాజీరంగా అడవి ఉందనీ, ఏనుగెక్కించి ఖడ్గమృగాలను చూపిస్తారనీ, అక్కా బావా తప్పక రావాలనీ రాశాడు. ప్రేమానందం ఎగిరి గంతేశాడు. ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్ ప్రేమకుమారి అయితే చాటింపు ఒక్కటే తక్కువగా ఊరంతా చెప్పేసింది. బడిలో మేజిక్ లాంతరు ప్రదర్శనట, గోడంత ఖడ్గమృగం మొహమట! కూరగాయలమ్మే ఆదెప్పతో సహా అందరూ వస్తామన్నారు.

రైళ్లు మారి మారి, ఒళ్లు హూనం చేసుకుని చేరారు. ఏనుగు మీద ముందు మావటి, అతని వెనక ప్రేమానందం, ప్రేమానందం నడుము పట్టుకుని జ్ఞానమ్మ, చివర విక్టర్. చుట్టూ మనిషెత్తు గడ్డి. కాసేపటికి మావటి వేలు చూపించాడు. ఇరవై గజాల దూరంలో, ఇనుప రేకులు తొడుక్కున్నట్టుగా ఖడ్గమృగం బురదలోంచి లేచి నిలబడింది. సూటిగా కెమెరాలోకే చూస్తోంది.

"తియ్యండి!" అంది జ్ఞానమ్మ.

ప్రేమానందం గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా, నీ ఫొటో ఒకటి తీసుకోనా?"

ఖడ్గమృగం చెవి విదిలించింది.

"వద్దంటాండాది," అని ప్రేమానందం కెమెరా దించేశాడు.

"ఈగను తోలుకునిందండీ!"

"ఈగనా, నన్నా? మనకేం తెలుసు?"

"బావా, దానికి తెలుగు రాదు!" అని విక్టర్ మొత్తుకున్నాడు.

"అదీ నిజమే. మావటిని అస్సామీలో అడగమను."

విక్టర్ చెప్పింది విని మావటి ఒకసారి ఖడ్గమృగాన్నీ, ఒకసారి ప్రేమానందాన్నీ చూశాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడాలో తేల్చుకోలేక, పాపం, అడిగాడు. ఖడ్గమృగం బుస్సుమని తల దించింది.

"సరేనన్యాది!" అని ప్రేమానందం కెమెరా ఎత్తేసరికి అది దూసుకొచ్చింది. ఏనుగు గిర్రున తిరిగి పరుగందుకుంది. ఆ కుదుపుల్లో అతను తీసిన ఫొటోల్లో ఒకదాంట్లో ఆకాశం, ఒకదాంట్లో గడ్డి, ఒకదాంట్లో విక్టర్ చెవి పడ్డాయి. నాలుగోదాంట్లో మాత్రం, కోపం చల్లారి వెనుదిరిగిన ఖడ్గమృగం పిరుదులు స్పష్టంగా పడ్డాయి.

బడిలో గోడంతా అవే కనిపించాయి.

"మొహం యాడ పెట్టుకోనుండాది ఇది?" అని ఆదెప్ప అడిగాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. జ్ఞానమ్మ కొంగులో మొహం దాచుకుంది.

ఆ వారంలోనే క్రిస్మస్ పిండివంటలకు నెయ్యి కొందామని ఆమె పుంగనూరులో మునిలక్ష్మమ్మ ఇంటికి వెళ్లింది. గోడ మీది ఫొటో చూసి అలాగే నిలబడిపోయింది. ఫొటోలో మునిలక్ష్మమ్మ కుర్చీలో రాణిలా కూర్చుంది. కట్టుకున్నది నెమళ్ల అంచు ధర్మవరం చీర. అది జ్ఞానమ్మ పెళ్లిచీర! అది కనిపించడం లేదనే కదా, బట్టలుతికే మునస్వామితో ఆర్నెల్లుగా ఆమె పోట్లాడుతున్నది!

"ఈ చీర నీకెట్లొచ్చిందమ్మా?"

"కరువులో గంజి పోసేకాడ ఎవురో ఆఫీసరు మా కష్టాన్ని పటం తీయించల్లని మదనపల్లె నుంచి ఒకాయప్పను పిలిపించినాడు. ఆయప్ప నన్ను 'తీసుకోనా అమ్మా?' అని అడిగినాడు. ఈ చింకిగుడ్డల్లో వద్దప్పా అంటిని. 'ఆ చింకిగుడ్డలే కావల్ల, తియ్యి' అని ఆఫీసరు అరిసినాడు. ఆయప్ప పెట్టె మూసుకోని ఎళ్లిపూడిసినాడు. మర్సనాడు ఈ చీర తెచ్చి, కట్టుకోని కూసోమన్యాడు. పటం తీసినాక తిరిగిస్తే తీసుకోలే." మునిలక్ష్మమ్మ ట్రంకుపెట్టెలోంచి మడత నలగని చీర తెచ్చింది. "ఎవురిదో తెలిస్తే నువ్వే ఇచ్చేయమ్మా."

జ్ఞానమ్మ అంచు ఒకసారి తడిమి చూసింది. "నాకు తెలీదమ్మా. నీకే బాగుండాది, పెట్టుకో."

ఇంటికి రాగానే భర్త ముందు నిలబడింది. "ఆవును అడిగినారు, ఖడ్గమృగాన్ని అడిగినారు. నా చీరకు నన్ను అడగాలని తోచలేదా?"

ప్రేమానందం కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చేశాడు. "అడిగితే... వద్దంటావని భయం."

"అడిగింటే ఇంకా మంచిది ఇచ్చిందును! దాని కుచ్చిళ్లకాడ జానెడు చిరుగుండాది. ఆయమ్మ ఏమనుకోనుంటుందో!"

ఇద్దరూ కలిసి మునస్వామిని పిలిపించి, తప్పు ఒప్పుకున్నారు. అతను అంతా విని మీసం దువ్వుకున్నాడు. "సరే. నాకూ ఒక పటం తీయల్ల. ఈ పంచెతో గాదు, కోటేసుకోని."

"నా దగ్గరుండాది, ఆ పెళ్లి కోటు..." అని ప్రేమానందం లేవబోయేసరికి, జ్ఞానమ్మ అప్పటికే దాన్ని తెచ్చి మునస్వామి భుజాలకు కొలత చూస్తోంది.