మూటల కాపలా

మా మనవరాలు ఫోన్ చేసింది. పిల్లల్ని తీసుకుని ఏదో థీమ్ పార్కుకి వెళ్తున్నారట. "అమ్మమ్మా, నువ్వు అంతమందిని వెంటేసుకుని తిరిగినదానివి కదా, ఏమేం తీసుకెళ్ళాలో చెప్పు" అంది.

ఏం తీసుకెళ్ళాలో ఎవరైనా చెప్తారు. మంచినీళ్ళు, పిల్లలకి మారుబట్టలు, ఎండకి టోపీలు, తినడానికి ఏదైనా. నేను చెప్పలేదు, ఎదురు అడిగాను. "అవన్నీ పట్టుకుని ఎవరు కూర్చుంటారే?"

"సామాన్లు పెట్టుకోడానికి అక్కడ లాకర్లుంటాయి అమ్మమ్మా" అని నవ్వింది.

సంతోషించాను. దేవుడి దయవల్ల కాలం మారింది, ఆడపిల్లల చేతులు కొంచెం ఖాళీ అయ్యాయి. కానీ ఫోన్ పెట్టేశాక పాత కోపం ఒకటి పైకి లేచింది. కోపం మంచిది కాదంటారు, నేనూ పిల్లలకి అదే చెప్తాను. అయినా ఈ ఒక్క కోపాన్ని దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటానే గానీ, తీసెయ్యమని ఎప్పుడూ అడగలేదు.

అరవైల చివరి మాట. మాది గజపతినగరం అవతల ఒక పల్లె, వరీ, చోళ్ళూ అంటే రాగులూ పండించుకునే ఇల్లు. ఇంట్లో మావగారు, అత్తగారు, మా ఆయన, నేను, నాలుగేళ్ళ మా పెద్దమ్మాయి. ఏటా విజయనగరంలో అమ్మవారి పండగ వెళ్ళాక మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టేవారు. గాజుల కొట్లు, అద్దాల గది, చెక్క గోడ మీద మోటారు సైకిలు తిప్పే బావి, వీటన్నిటికీ మించి ఇంజనుతో తిరిగే పెద్ద రాట్నం. తెల్లారకముందే బండి కట్టుకుని గజపతినగరం వచ్చి పాసింజరు రైలెక్కేవాళ్ళం.

వెళ్ళే ముందు రోజంతా అత్తగారు పొయ్యి దగ్గరే. పులిహోర, చోడి రొట్టెలు, కొబ్బరుండలు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ప్రయాణానికి కట్టిన అన్నం మూటని, ఇంటి పెద్ద మొదటి ముద్ద అమ్మవారి పేరున తీసి పెట్టేదాకా విప్పకూడదు. విప్పేదాకా వండిన మనిషి దాని పక్కన ఉండాలి. మావగారేమో అన్నీ చూశాకే అన్నం అనేవారు. అంటే ఉదయం నుంచి పొద్దు వాలేదాకా, వండినావిడ మూట పక్కన. మిగిలినవాళ్ళు ఎగ్జిబిషన్‌లో.

నేను కాపరానికి వచ్చాక ఐదారేళ్ళు అలాగే జరిగింది. రాట్నం కంచె పక్కన తుండు పరుచుకుని, చుట్ట నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ అత్తగారు కూర్చునేది. నేను కూర్చుంటానంటే ఒప్పుకునేది కాదు. "సిన్నదానివి, పిల్లనేసుకుని ఎల్లు. నాను వండేను, నానే కూకోవాల."

ఆవిడ మీద నాకు ఎంత గౌరవమో చెప్పాలి. పుట్టింట్లో మా తాత పలక మీద దిద్దించిన అక్షరాలు తప్ప నేను బడి మొహం ఎరగను. మధ్యాహ్నం పూట భక్తి పుస్తకాలు చదివి వినిపించమని కూర్చోబెట్టింది అత్తగారే. ఆ నాలుగు అక్షరాలు నాకు నిలిచాయంటే ఆవిడ చలవ. అటువంటి ఒక మధ్యాహ్నం నేను పుస్తకంలో దేవలోకం వర్ణన చదువుతుంటే మధ్యలో ఆపింది.

"ఆ రాట్నం మీదికెల్తే ఏటి అగుపడతాదే?"

"ఊరంతా అగుపడతాది అత్తా. కొండలు కూడా."

అత్తగారు అంది: "ఇన్నేళ్ళు ఎగ్జిబిసనుకి ఎల్లేను. నాను సూసిందంతా రాట్నమ్మీద జనాల అరికాళ్ళే."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ ఏడు ఈవిడ రాట్నం ఎక్కాలి, ఏమైనా సరే.

ఆలోచిస్తే చిక్కంతా అన్నం మూటలోనే ఉన్నట్టు తోచింది. మా ఆయనతో చెప్పాను. రైలు దిగి తిన్నగా అమ్మవారి గుడికి వెళ్దాం, ముద్ద అక్కడే పెట్టేద్దాం, అక్కడే అందరం తినేద్దాం, తర్వాత ఖాళీ చేతులతో ఎగ్జిబిషన్‌కి. మా ఆయన ఆ మాట తనదిలాగా తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టారు.

"పొద్దున్నే తినీస్తే మజ్జేన్నం ఆకలెయ్యదేటి?" అన్నారు మావగారు.

"ఏస్తే బొరుగులు కొనుక్కుందుం."

"ఎన్నడూ నేంది, ఇదేటి కొత్త?" అని గొణిగారు గానీ, అమ్మవారి ముందే ముద్ద పెట్టడం అనేసరికి కాదనలేకపోయారు.

అనుకున్నట్టే జరిగింది. గుడి పక్కన కూర్చుని తిన్నాం. గిన్నెలు కడిగి ఒకదానిలో ఒకటి దూర్చి, అక్కడ పువ్వులమ్ముకునే ఆవిడని బతిమాలి ఆమె బుట్టల వెనక పెట్టాం. ఎగ్జిబిషన్ గేటు దాటేటప్పుడు అత్తగారు తన చేతులు తానే చూసుకుంది. ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకుంది. నేను మనసులో అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను.

తొందరపడ్డాను.

గాజుల కొట్టు దగ్గర మావగారు చంకలో ఉన్న గొడుగు తీసి అత్తగారి చేతికిచ్చారు. చెప్పాపెట్టకుండా గోడకున్న మేకుకి తగిలించినట్టు తగిలించారు. ఇనప సామాన్ల కొట్టు దగ్గర పెద్ద మూకుడు కొన్నారు. అదీ ఆవిడకే. తర్వాత రెండు కవ్వాలు, మా ఆయన కండువా, పిల్ల జోళ్ళు, పిల్లకి కొన్న మట్టిబొమ్మ. మోటారు సైకిలు బావి దగ్గర మెట్లెక్కాలని తండ్రీ కొడుకులు చెప్పులు కూడా విప్పి ఆవిడ ముందే వదిలేశారు. బావి ఒకసారి చూసి, బాగుందని మళ్ళీ చూశారు. మేం బయట నిలబడ్డాం.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. చిక్కు అన్నం మూటలో లేదు. మూటలున్న చోట ఆవిడ ఉండటం కాదు, ఆవిడ ఉన్న చోటికే మూటలు వస్తాయి. పొద్దున్న ఖాళీ చేతులతో వచ్చిన మనిషి చుట్టూ మధ్యాహ్నానికి సంత పేరుకుంది. పెట్టినవాళ్ళలో ఒక్కరికీ పెట్టినట్టు తెలియదు.

పొద్దు వాలాక రాట్నం దగ్గరికి వచ్చేసరికి అలవాటు చొప్పున అత్తగారు కంచె పక్కన తుండు పరిచేసింది. చుట్ట ముట్టించింది.

"ఎవులో ఒకలు సామాన్లకాడ ఉండాల కదా" అన్నారు మావగారు, రాట్నం వైపు చూస్తూ.

మా ఇళ్ళలో కోడలు మావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే పిల్లతో చెప్పించాలి. ఆయన కూడా పిల్లకే జవాబు చెప్తారు. పక్కపక్కనే నిలబడి, ఒకరి మాట ఒకరికి వినబడుతూనే, ఆ మాట పిల్ల మీదుగా తిరిగి రావాలి. ఆ రోజు దాకా నేను పిల్లతో చెప్పించినవన్నీ "తాతా, అన్నానికి రమ్మంది అమ్మ" లాంటివే. పిల్లని దగ్గరికి లాక్కున్నాను.

"తాతనడుగమ్మా, పొద్దున్న ఈ సామాన్లు నేవు కదా, ఎక్కణ్ణుంచొచ్చేయని."

"ఎక్కడివి తాతా?" అంది పిల్ల, పీచుమిఠాయి చీకుతూ.

"కొన్నానని సెప్పు మీ అమ్మకి. మూకుడు వంటకే కదా, నాకేటి?"

"గొడుగు కూడా వంటకేనా అని అడుగు. చెప్పులు వంటకేనా అని అడుగు. ఎవులో ఒకలంటే ఏటేటా నాన్నమ్మే ఎందుకవుతాదో అడుగు."

అంత పొడుగు మాట మోయడం పిల్లకి చేతకాలేదు. "తాతా, నాన్నమ్మెందుకు?" అంది.

మావగారు పిల్లని చూశారు, నన్ను చూడలేదు. "మీ నాన్నమ్మకి రాట్నమంటే బయ్యం. కళ్ళు తిరుగుతాయి."

"ఎక్కితే కదా తిరుగుతాయో నేదో తెలిసీది" అంది అత్తగారు కింద నుంచి.

మా ఆయన అటూ ఇటూ చూసి, "పోనీ నాను కూకుంటాన్లే" అన్నారు.

"మగోడు మూటల్కాడ కూకుంటే సూసినోళ్ళు ఏటనుకుంటారు?" అన్నారు మావగారు.

"నాను ఇన్నేళ్ళు కూకున్నాను. ఎవులేటనుకున్నారు?" అత్తగారి గొంతు పెద్దది కాలేదు. "ఏటీ అనుకోనేదు. నా పక్క ఎవులూ సూడనే నేదు."

ఆవిడ లేచింది. చుట్ట నోట్లోంచి తీసి, నుసి దులిపి, మావగారి చేతిలో పెట్టింది. "ఇది ఆరిపోకుండా సూడు. కూకో."

చెయ్యి చాపితే అందుకోవడం మనిషికి అలవాటు. అందుకున్నారు. చుట్ట పట్టుకుని నిలబడటం బాగుండదనో ఏమో, తుండు మీద కూర్చున్నారు కూడా. మా ఆయన ఆకాశం వైపు చూస్తున్నారు.

నేనూ అత్తగారూ పిల్లా ఒక తొట్టిలో కూర్చున్నాం. గొలుసు వేశారు. రాట్నం లేచింది. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైన ఆగినప్పుడు పట్నంలో అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి, పడమటి కొండలు నల్లగా కనిపిస్తున్నాయి. ఆ తల్లి దయవల్ల ఇంతకాలానికి, అనుకుని, "అత్తా, అదుగో కొండలు" అన్నాను.

ఆవిడ కిందికి చూస్తోంది.

"మీ మావ మూకుడు ఎనక్కి ఎట్టీసేడే. ఎవుడైనా అట్టుకుపోతే? గొడుగేదీ? గొడుగగుపడదు."

ఆ క్షణం నాకు వచ్చినంత కోపం జన్మలో మళ్ళీ రాలేదు. ఆవిడ మీద కాదు. ఒక మనిషిని ఎన్నేళ్ళు నేల మీద కూర్చోబెడితే, ఆకాశంలోకి తీసుకెళ్ళినా మూటలే వెతుక్కుంటుంది? అంత ఎత్తుకి ఎక్కించి కూడా ఆవిడని ఆ తుండు మీంచి లేపలేకపోయాను.

రెండో చుట్టులో "గొడుగుంది" అంది. మూడో చుట్టులో కిందికి చూడలేదు. కొండల వైపు చూసింది. తర్వాత కాళ్ళు కొంచెం ముందుకి చాపింది.

"కిందున్నోళ్ళకి నా అరికాళ్ళు అగుపడతన్నాయేటే?"

"అగుపడతన్నాయి అత్తా."

"సూడనీ."

తిరుగు రైల్లో మా ఊరివాళ్ళు కలిశారు. మావగారు వాళ్ళకి చెప్తున్నారు. "ఈయేడు దాన్ని రాట్నం ఎక్కించీసేను. బయ్యపడ్డాది గానీ, నానుండగా ఏటని ఎక్కించీసేను." వాళ్ళు తలలూపారు. ఎంత మంచి మొగుడు అన్నట్టు అత్తగారి వైపు చూశారు. నేను పిల్లని వెతికాను. పిల్ల నిద్రపోయింది. మాట పంపడానికి మనిషి లేక గొంతులోనే పెట్టుకున్నాను.

అత్తగారే అంది, అందరి ముందూ. "నువ్వెక్కించనేదు. నువ్వు మూటల్కాడ కూకున్నావు. అది సెప్పు."

మావగారు కిటికీ వైపు తిరిగారు.

కథ ఇక్కడ ఆగితే నాకింత కోపం ఉండేది కాదు. మరుసటి ఏడు ఎగ్జిబిషన్ మాట వచ్చినప్పుడు, అరుగు మీద నుంచి మావగారే అన్నారు: "ఈయేడు మూటలూ గీటలూ ఒద్దు. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టీసి, ఓటల్లో ఇడ్డెన్లు తినీద్దుం. గొడుగు కూడా ఒద్దు, ఎండలు తగ్గేయి."

కట్టుబాటు అన్నారు, ఆకలన్నారు, ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చున్నప్పుడు తప్పనిసరి అయిన మూటలు, ఆయన రాట్నం మూడు చుట్లు తిరిగేంతసేపు కూర్చోగానే అక్కర్లేకుండా పోయాయి.

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి నా వైపు చూసింది. ఆ ఏడు ముందు రోజు సాయంత్రం ఆవిడకి పని లేదు. పుస్తకం తెచ్చి చదవమంది, చదివాను.

మనవరాలికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "లాకర్లున్నాయి, మంచిదే. కానీ తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే అడిగిపెట్టుకో."