దేవసహాయం పేర్చని పంక్తి

బోయిగూడలోని బ్రహ్మచారి ప్రెస్సులో అందరూ ఆయన్ని 'ఎడమచేతి దేవసహాయం' అనేవారు. అచ్చుకు సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు, ఏరిన అక్షరాలు వరసగా నిలిపే స్టిక్కు అనే ఇనుప పట్టీ ఎడమచేత పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరుతారు. ఈయనది తిరగేసిన పని. వంకరపోయిన కుడిచేతి వేళ్ళలో స్టిక్కు ఇరికించుకుని ఎడమచేత్తో టకటకా ఏరేవాడు. ముప్ఫై రెండేళ్ళుగా చూస్తూ కూడా ఆ వేళ్ళకేమైందని అడిగిన పాపాన పోయినవాడు లేడు. పుట్టుకతోనే అంత అనుకుని ఊరుకున్నారు.

ఆయనకో నియమం ఉండేది. కాపీలో ఉన్నదే పేర్చాలి. ఒక్క అక్షరం కలపకూడదు, తియ్యకూడదు. కరపత్రంలో రౌడీ దేశభక్తుడైనా, కర్మకాండల కార్డులో పిసినారి దానకర్ణుడైనా ఆయనకు పట్టేది కాదు. "రాసినవాడిది బాధ్యత, పేర్చినవాడిది ఓపిక" అనేవాడు.

ఆ ఓపిక ఎనభైమూడు వేసవిలో చచ్చింది. ధర్మరాజు మాష్టారని, హెడ్మాస్టరుగా రిటైరై సీతాఫల్‌మండిలో స్థిరపడ్డ పెద్దమనిషి, తన బడి జ్ఞాపకాలు పుస్తకంగా వేయిద్దామని రాతప్రతి తెచ్చిచ్చాడు. అందులో ఒక అధ్యాయం పేరు 'కోదండం'.

దేవసహాయం ఆ మాట పేర్చి ఆగాడు. మళ్ళీ సాగించాడు.

కోదండమంటే శ్రీరాముడి విల్లు అని మాష్టారు మొదలుపెట్టారు. పూర్వం బళ్ళలో దూలానికి తాడు కట్టి, అల్లరి పిల్లవాణ్ణి దానికి వేలాడదీసేవారు. పట్టు వదిలితే పడేలా కింద ముళ్ళకంప పరిచేవారు. వేలాడే ఒళ్ళు విల్లులా వంగుతుంది గనక ఆ శిక్షకు ఆ పేరు వచ్చి ఉంటుందని ఆయన ఊహ. ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి అని మురిసిపోయారు కూడా. ఇదంతా దేవసహాయం పళ్ళ బిగువున పేర్చాడు. ఆ తరవాతి వాక్యం దగ్గర చెయ్యి కదల్లేదు: 'కోదండమెక్కి బాగుపడ్డవారే గాని, చెడినవారిని నేనెరగను.'

పొద్దున్న పది గంటలకు ఆగిన చెయ్యి పన్నెండయినా ఆగే ఉంది. చివరికి ఆ వాక్యానికి ఎంత చోటు పడుతుందో లెక్కగట్టి, అంత మేరా అక్షరం లేని సీసపు ముక్కలు నింపి, కింది పంక్తి అందుకున్నాడు. ప్రూఫులో అక్కడ తెల్లగా వచ్చింది.

ప్రెస్సు యజమాని బ్రహ్మచారి చూసి అరిచాడు. "ఏందయ్యా ఇది? గింత జాగ ఖాళీ పెట్టినవ్! పెద్దసారు వచ్చే టైమైంది, జల్ది పేర్చు."

"పేర్చనండి."

"ఏమైంది నీకు? ఇన్నేండ్లల్ల ఒక్కనాడు సుత ఎదురు చెప్పలే. పరేషాన్ చెయ్యకు. పేరుస్తవా, నౌకరీ ఇడిసిపెడతవా?"

"విడిచిపెట్టమంటే పెడతానండి. ఆ ముక్క మాత్రం నా చేత్తో పేర్చను."

సరిగ్గా అప్పుడే గొడుగు ముడుచుకుంటూ ధర్మరాజు మాష్టారు లోపలికొచ్చారు. ప్రూఫు చూసి నవ్వారు. "ఏమయ్యా, నా వాక్యం మింగేశావేం?"

"మింగలేదండీ. గొంతు దిగలేదు." దేవసహాయం కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక పక్కకు పొడుచుకొచ్చి ఉంది. చివరి రెండు వేళ్ళు అరచేతికి అతుక్కుపోయాయి. "చెడినవాణ్ణి ఎరగనని రాశారు. చూడండి. ఎనిమిదో ఏట, గుంటూరు దగ్గర మా ఊరి బళ్ళో, కోదండం."

మాష్టారు తడబడినా తమాయించుకున్నారు. "అయ్యో పాపం. కానీ ఆ క్రమశిక్షణే కదయ్యా నీకు నాలుగక్షరాలు నేర్పింది? ఆ అక్షరాలే కదా అన్నం పెడుతున్నాయి!"

దేవసహాయానికి ఒళ్ళు మండిపోయింది. "ఆ బళ్ళో నేను నేర్చింది 'ఋ' దాకానండీ. ఆ రోజుతో బడి మానేశాను. మిగతావి ఆదివారం ప్రార్థనకెళ్ళి, పాటల పుస్తకంలో వేలు పెట్టుకుని నేర్చుకున్నాను. నన్ను కట్టిందైనా పంతులుగారు కాదు. ఊరవతల పేట పిల్లవాణ్ణి ఆయన ముట్టుకోకూడదట, తోటి పిల్లల చేత కట్టించారు. ఇంటికెళ్ళి కోదండం వేశారమ్మా అంటే, అది దేవుడి పేరు కదరా అని మా అమ్మ ఆ శిక్షను తిట్టడానికి కూడా జంకింది. చక్కని పేరని మురిశారే, ఆ పేరు చేసిన పని అదండీ!"

ప్రెస్సులో మెషీను ఆగింది. కాగితాలు మడతపెట్టే బాలమ్మ చేతిలో పని అట్లాగే ఉండిపోయింది.

"ఇంతకీ నువ్వేం తప్పు చేశావు?" మాష్టారి గొంతు తగ్గింది.

"ఎడమచేత్తో పలక మీద రాశానండి. కుడిచెయ్యొకటి ఏడిచిందని గుర్తుండాలని, ఆ కుడిచేతికే తాడు బిగించారు. కింద ముళ్ళు. పడతానన్న భయంతో గింజుకున్నాను, చెయ్యి మెలిపడింది. ఎడమచెయ్యి మాన్పిద్దామని కుడిచెయ్యి విరగ్గొట్టారు. మానుకోమన్న చేత్తోనే ఈనాటికీ బతుకుతున్నాను."

ధర్మరాజు మాష్టారు స్టూలు మీద కూర్చున్నారు. తనలో తాను అనుకున్నట్టుగా, "నేనూ ఇద్దరికి వేయించాను. వాళ్ళలో ఒకడిది ఎడమచేతి వాటమే," అన్నారు. వాళ్ళేమయ్యారని దేవసహాయం అడిగాడు. ఎప్పుడూ కనుక్కోలేదన్నారు. కనుక్కోని మనిషి 'ఎరగను' అని రాయడంలో ఆశ్చర్యమేముంది!

బ్రహ్మచారి మెల్లిగా కదిలాడు. "సారూ, మరి ఆ లైను..."

"అట్లాగే ఉండనీ," అన్నారాయన, ప్రూఫు మీద సంతకం పెడుతూ. జరిగింది ఉన్నదున్నట్టు రాసే ధైర్యం ఆయనకు చాల్లేదు. మిగిలిన ధైర్యం ఆ సంతకానికే సరిపోయింది.

పుస్తకం వచ్చింది. నలభైమూడో పేజీలో ఒక పంక్తి మేర తెల్లగా ఉంటుంది. చదివినవాళ్ళు అచ్చుతప్పన్నారు, కంపోజిటర్ని తిట్టుకున్నారు. దేవసహాయం పట్టించుకోలేదు. ఒక ప్రతి ఇమ్మని బ్రహ్మచారిని అడిగాడు. ముప్ఫై రెండేళ్ళలో తను పేర్చిన పుస్తకాన్ని ఆయన అడిగి ఇంటికి తీసుకెళ్ళడం అదొక్కసారే.