సెలవా, తొలగింపా

ఆ ఊళ్లో ఉప్పు చేస్తారు, వరి చేస్తారు. సర్కారు కొలువునూ అదే మాటతో ‘లామ్ క్వాన్’ అంటారు; లామ్ అంటే చేయడం, క్వాన్ అంటే అధికారం. చేయడానికి ఒక్క మాటే ఉన్నా, మానడానికి రెండున్నాయి. జబ్బని విన్నవించుకుని తప్పుకుంటే ‘కావ్ క్వాన్’, అంటే సెలవు. అలాంటివాడికి ఊరి మండపంలో చచ్చేదాకా పై చాప మీద చోటు. పైవాళ్లు పీకేస్తే మాత్రం తొలగింపు. వాడు కింది చాప మీద, ఉప్పు కూలీల పక్కన కూర్చోవాలి.

దామ్ ఖ్వే ఉప్పు కూలీ కొడుకు. అయిదుసార్లు పరీక్ష తప్పి, ముప్పై ఎనిమిదో ఏట గట్టెక్కి, జిల్లా బడికి అధికారయ్యాడు. పదకొండేళ్ల కొలువులో ఆయన దేశాన్ని ఉద్ధరించిందేమీ లేదు. రాజుల పేర్లలో ఉన్న అక్షరాల పట్టీని పిల్లల చేత వల్లె వేయించాడు. అక్కడి రాతలో మాటకో అక్షరం; రాజు పేరులోని అక్షరాన్ని గౌరవం కొద్దీ పూర్తిగా రాయకూడదు, ఒక గీత తగ్గించాలి. మరిచినవాడి అరచేతి మీద బెత్తం విరిగేది.

జబ్బని రాసి తప్పుకునే అధికారుల్లో చాలామంది దుక్కల్లా ఉంటారు. ఖ్వేకి మాత్రం నిజంగానే కళ్లకు పొర కమ్మింది. ‘నా కంటి వెలుగు తగ్గింది, సెలవిప్పించండి’ అని విన్నపం పంపి, జవాబు కోసం ఆగకుండా ఊరొచ్చేశాడు.

వసంతం విందు నాడు జవాబొచ్చింది. మండపం నిండా జనం. ఊరి పెద్ద క్వాక్ దిన్ లకోటా అందించాడు.

“మీరే చదవండి పంతులుగారూ. మాకవి కోడి గీరిన గీతలు.”

“చదివేదేముంది, పై చాపే కదా,” అన్నాడు బెన్ అనే ఉప్పు కూలీ. “తొందరగా కానివ్వండి, పంది మాంసం చల్లారిపోతోంది.”

ఖ్వే కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు. మొన్న గద్దెనెక్కిన కొత్త రాజు పేరులో ‘వెలుగు’ అక్షరం ఉందట. ఆ సంగతి చెప్పే తాఖీదు మూడు వారాలు ఖ్వే బల్ల మీదే పడి ఉంది. మసక కళ్లతో ఆయన దాన్ని చదవలేదు. రాజుగారి అక్షరాన్ని గీత తగ్గించకుండా రాసి, పక్కనే ‘తగ్గింది’ అని చేర్చినందుకు సెలవు లేదు, తొలగింపు.

ఒక్క మాట మార్చి చదివితే చాలు. పట్టుకునేవాడు ఆ మండపంలో లేడు.

ఆయన ఉన్నదున్నట్టు చదివాడు.

దీన్ని నిజాయితీ అనేవాళ్లున్నారు. అదేం కాదు. అక్షరాన్ని తప్పు చదవడానికి ఆయన నోరు తిరగలేదు, అంతే.

క్వాక్ దిన్ గొంతు సవరించుకున్నాడు.

“అయితే, ఖ్వే, నువ్వలా కిందికి జరుగు.”

పదకొండేళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. పై చాప మీంచి లేచి తడుముకుంటూ మెట్టు దిగాడు.

“జరగండ్రా, పంతులుగారికి చోటివ్వండి,” అన్నాడు బెన్.

“ఇంకా గారేంటిరా?” అని ఎవరో నవ్వారు.

బెన్ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మాంసం గిన్నె ముందుకు తోశాడు. “ఎముకలున్నాయి, చూసుకో.”

ఖ్వే వేళ్లతో ఎముకలు ఏరుకుంటూ తిన్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు మరి.