వెంకటనర్సమ్మ అడిగిన పండ్లు

నాచారంలోని ఆ వృద్ధాశ్రమంలో ముప్పై ఒక్కమంది ముసలివాళ్ళు, ఇద్దరే ఆయాలు. ఇద్దరిలో వెంకటనర్సమ్మ పాతది. ఆలేరు దగ్గరి పల్లె నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చిన పెనిమిటి వెంట వచ్చి, అతను పోయాక ఈ పనిలో చేరి పదకొండేళ్ళయింది. ఇక్కడ ఒకరికి తల దువ్వుతుంటే ఇంకొకరు పక్క తడుపుకుంటారు. ఆ వాసనకు ఆమె ముక్కు ఎప్పుడో అలవాటు పడింది. అలవాటు పడనిది ఒక్క డిసెంబర్ నెలకే.

ఏడాది పొడుగునా ఆ గేటు వైపు తొంగిచూడని జనం క్రిస్మస్ వచ్చేసరికి వరస కడతారు. షుగరున్నవాళ్ళ నోట్లో కేకు కుక్కుతారు. కప్పిన శాలువాలను, ఫొటోలు కాగానే, మేనేజరు సుధీంద్ర మడిచి బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. జనవరి చలిలో కూడా ఆ తాళం ఊడదు. పండగ దాటిందంటే మళ్ళీ పురుగు కూడా రాదు. ఈ దయను చూస్తే వెంకటనర్సమ్మకు ఒళ్ళు మండేది.

మూడో మంచం పట్టాభిరామయ్య గారిది. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ తెలుగు మాస్టారు. భార్య పోయింది, పిల్లలు కలగలేదు. దసరా ముందు ఆయన కట్టుడు పళ్ళు పోయాయి. పని త్వరగా తెమలాలని అందరి పళ్ళ సెట్లూ ఒకే బకెట్లో వేసి కడగమన్నది సుధీంద్రే. కొత్త ఆయా చూసుకోక ఆ నీళ్ళను బాత్‌రూమ్ తూములో గుమ్మరించింది. మిగతావి దొరికాయి గానీ మాస్టారివి దొరకలేదు.

"ఈ వయసులో పళ్ళతో ఏం పని? గంజి పెడుతున్నాం కదా," అన్నాడు సుధీంద్ర.

నిజంగానే గంజే పెట్టారు. రెండు నెలల్లో మాస్టారి పంచె నడుము మీద నిలవడం మానేసింది. స్నానం చేయిస్తుంటే ఆమె చేతికి ఎముకలే తగిలేవి. ఇట్లాగే సాగితే ఆయన ఉగాది చూడరని ఆమెకు తెలుసు. ఇట్లా చిక్కిపోయి చనిపోయిన వాళ్ళను ఆ చేతులతోనే ఎత్తింది మరి.

ఈసారి హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్ళు కొత్త ముచ్చటొకటి తెచ్చారు. ఒక్కొక్కరి కోరికా కాగితం నక్షత్రం మీద రాసి హాల్లో చెట్టుకు కడతారట, క్రిస్మస్‌నాడు ఆ వస్తువు తెచ్చి ఇస్తారట. రాసుకోవడానికి దీప అనే అమ్మాయి వచ్చింది. మూడో మంచం దగ్గర వెంకటనర్సమ్మే ముందుకొచ్చి చెప్పింది.

"సార్‌కు పండ్లు గావాలె బిడ్డా. పండ్లు లేక గంజి దప్ప ఏం దింటలేరు. జర మీ మేడమ్‌కు మంచిగ జెప్పు."

దీప నవ్వి, 'పండ్లు' అని రాసుకుని నాలుగో మంచానికి పోయింది.

ఆ రోజు నుంచి వెంకటనర్సమ్మ ఆ నక్షత్రాన్ని దేవుడి పటంలాగా చూసుకుంది. కొలత తీసుకోవడానికి ఎవరన్నా వస్తారేమోనని గేటు వైపు చూసేది. "వస్తయి సార్, జర ఓపిక వట్టున్రి," అని మాస్టారికి ధైర్యం చెప్పేది.

క్రిస్మస్‌నాడు సంఘం అధ్యక్షురాలు బిందుమాధవి రిబ్బను కట్టిన బుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. బుట్ట నిండా ఆపిల్ పండ్లు, రాళ్ళలాంటి జామకాయలు. వెంకటనర్సమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందుమాధవికి అడ్డం వచ్చింది.

"గీ పండ్లు గాదు మేడమ్," అంటూ పెదవి పైకి లాగి తన పళ్ళు చూపించింది. "గీ పండ్లు. నోట్లెయి."

బిందుమాధవి పకపకా నవ్వింది. "ఆ పళ్ళా? భలే తమాషా అయిందే. వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా. ముందు ఫొటో కానివ్వు."

"కొంచెం కొరకండి తాతగారూ, ఇటు చూస్తూ," అన్నాడు ఫొటో తీసేవాడు.

మాస్టారు మర్యాదస్తులు. అడిగారు కదా అని నోరంతా తెరిచి చిగుళ్ళతో ఆపిల్‌ను పట్టబోయారు. అది జారింది, చొంగ గడ్డం మీదికి కారింది. "సూపర్" అన్నారెవరో. వెంకటనర్సమ్మ కొంగుతో ఆయన గడ్డం తుడిచింది. వాళ్ళందరి ముఖాల మీదా ఉమ్మేయాలనిపించింది గానీ, ఉద్యోగం గుర్తొచ్చి మింగింది. బుట్ట సుధీంద్ర కారెక్కింది. సాయంత్రం మళ్ళీ గంజే.

రెండు రోజులకు ఆ ఫొటో పేపర్లో పడింది. 'వృద్ధులకు పండ్లు పంపిణీ' అని పెద్దక్షరాలు. సుధీంద్ర దాన్ని కత్తిరించి గోడకు అంటించాడు. మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

"తప్పు నాదే నర్సమ్మా," అన్నారు. పళ్ళు లేక మాటలో సగం గాలే. "ముప్పై ఏళ్ళు పిల్లలకు నానార్థాలు చెప్పాను. నువ్వు పళ్ళను పండ్లంటుంటే పక్కనే ఉండి, దంతాలని రాయమ్మా అనలేకపోయాను."

ఆమెకు ఏడుపు రాలేదు, ఆ దాతల మీద అసహ్యమే వచ్చింది. ఫొటో మీద వేలు పెట్టింది. అందులో ఆయన నోరు బార్లా తెరిచి ఉంది, ఒక్క పన్ను లేదు.

"ఇంత నోరు దెరిసిన్రు గద సార్. ఫొటో దీసినోళ్ళు, అచ్చేసినోళ్ళు, గోడకు అంటుపెట్టినోళ్ళు... ఒక్కలకన్న కనబడ్డదా?"