ఇద్దరు ఆంటీలు, లేని అత్త

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో, ఒక డాక్టరు గదిలో, కుర్చీలోంచి కదలకుండానే, మా వంశాన్ని నేను తలకిందులు చేశాను. రక్తసంబంధం లేని ఇద్దరిని తెచ్చి మా ఇంట్లో పుట్టించాను. నిక్షేపంలాంటి మేనత్తను అసలు పుట్టనే లేదన్నాను. ఇంత ఘోరం పది నిమిషాల్లో చేయడం అందరి వల్లా కాదు. ఆ డాక్టరమ్మ మాకిచ్చిందే పది నిమిషాలు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను.

అప్పటికి నాకు నలభై రాబోతున్నాయి. మా ఎదురింటి సరళ ఆంటీకి రొమ్ము క్యాన్సరని తేలి ఆపరేషనైంది. చర్చిలో నా పక్కన నిలబడి పాడే విమల ఆంటీకి అంతకుముందే అయింది. నాకు భయం పట్టుకుంది. స్నానం చేస్తూ తడుముకోవడం, లేని గడ్డ దొరికిందనుకోవడం, దొరక్కపోతే సరిగ్గా వెతకలేదేమోనని ఇంకా భయపడటం. ఇక్కడ అందరికీ ఆ రొమ్ము ఎక్స్‌రేకి పిలుపు వచ్చేది యాభై దాటాకే. నేను అంతవరకూ ఆగవచ్చా, ఆగకూడదా? అది తేల్చుకోవడానికి మా జీపీ సర్జరీకి, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ చేశాను. క్యూలో ఉన్నారంటూ వాళ్ళు వినిపించిన ఆ సంగీతం ఇప్పటికీ ఎక్కడ వినబడినా నాకు బీపీ పెరుగుతుంది.

మా ఆయన ప్రసాద్‌ను వెంట తీసుకెళ్ళాను. ధైర్యానికి కాదు, సాక్ష్యానికి. నేను కంప్లెయింట్లు పెట్టే మనిషిని. రేపు ఎవరైనా "మేమలా అనలేదే" అంటే, విన్నవాళ్ళు ఇంకొకరుండాలి. ఆ సాక్షే నా కొంప ముంచుతాడని నాకేం తెలుసు?

డాక్టరమ్మ చిన్నపిల్ల. "మీ దగ్గరి వాళ్ళలో ఎవరికైనా బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిందా? అమ్మకి, అక్కచెల్లెళ్ళకి, ఆంట్స్‌కి?" అని అడిగింది.

"అమ్మకి లేదు. చెల్లికి లేదు. ఆంటీలకి మాత్రం వచ్చింది. ఇద్దరికి!"

ఆమె నిటారుగా కూర్చుంది. ఎట్టకేలకు ఈ దేశంలో నన్నొకరు పట్టించుకున్నారని నాకు తృప్తి కలిగింది.

"ఏ వయసులో?"

"సరళ ఆంటీకి యాభై రెండు. విమల ఆంటీకి నలభై ఎనిమిది."

"ఇద్దరూ అమ్మ వైపేనా?"

"కాదు. ఒకావిడ ఎదురింటి వైపు."

టైపు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. "ఎదురిల్లంటే... పొరుగువాళ్ళా?"

"అవును. ఇంకొకావిడ మా చర్చి."

"అంటే వాళ్ళు మీకు బంధువులు కారు."

"బంధువులకంటే ఎక్కువండీ! మా పాప పుట్టినప్పుడు నెలంతా క్యారియర్ పంపింది సరళ ఆంటీయే."

మీరే చెప్పండి, పెద్దావిడ కనిపిస్తే ఆంటీ అనకుండా ఏమంటాం? డాక్టరమ్మ బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టి మా ఆంటీలిద్దరినీ చెరిపేసింది. ఆ టకటక నా చెవుల్లో ఇంకా ఉంది.

"పోనీ నాన్న వైపు? ఆయనకి అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఇది ఆడవాళ్ళ జబ్బు కదా, నాన్న వైపుతో ఏం పని?"

"నాన్న వైపు నుంచి కూడా రావచ్చు. ఉన్నారా?"

"లేరు," అన్నాను.

"ఉందిగా! రత్నం అత్తయ్య!" అన్నాడు నా సాక్షి.

"మీరూరుకోండి," అన్నాను తెలుగులో.

ఆయన ఊరుకోకుండా ఇంగ్లీషులోకి దిగాడు. "ఒక చెల్లెలుంది డాక్టర్. వీళ్ళిద్దరికీ మాటల్లేవు."

రత్నం అత్తయ్య మా నాన్నకు ఆఖరి చెల్లెలు. మా పెళ్ళిలో, నలుగురి ముందు, "పెళ్ళికూతురి కంటే పందిరి బాగుంది" అంది. ఆ పూటే ఆవిడను నా లోకంలోంచి తీసేశాను. ఆవిడ పేరెత్తితే ఫోన్ పెట్టేస్తానని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పాను. పాపం, వాళ్ళు చెప్పిన మాట వినే మనుషులు.

"మాటల్లేకపోతే పోయాయి. ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?" అంది డాక్టరమ్మ.

నేను నా సాక్షి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"కనుక్కుని రండి," అంది.

ఇండియాలో ఉన్న అత్తయ్యకు ఫోన్ చేయడానికి వారం పట్టింది. భయం ఒకవైపు లాగితే పందిరి ఒకవైపు లాగింది. చివరికి భయమే గెలిచింది.

"ఎవరూ?"

"నేను అత్తయ్యా, సునీతని." ఆ తరువాత ఏమనాలో అనుకున్నదంతా మరిచిపోయాను. "మీకు రొమ్ము క్యాన్సర్ ఉందా?"

"ఇన్నేళ్ళకి ఫోన్ చేసి, బాగున్నారా అనైనా అనకుండా, ఇదేం పలకరింపే కోడలా!"

"డాక్టరు అడగమంది."

"వచ్చింది. ఒకవైపు తీసేశారు. మీ పాప పుట్టిన ఏడాది."

"నాకెవరూ చెప్పలేదే!"

"ఎలా చెప్తారే? నా పేరెత్తితే ఫోన్ పెట్టేస్తానన్నావంటగా. మీ నాన్న ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని నీతో మాట్లాడేవాడు. 'బజార్లో ఉన్నానమ్మా' అనేవాడు."

ఆ రోజుల్లో నాన్న ఎప్పుడు ఫోన్ చేసినా బజార్లోనే ఉండేవాడు. ఈ వయసులో ఈ తిరుగుళ్ళేమిటని నేను కేకలేశాను కూడా.

"మీ నానమ్మ ఎలా పోయిందో తెలుసా?" అంది అత్తయ్య.

"కడుపులో గడ్డన్నారు."

"అండాశయం క్యాన్సర్. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. నాకూ వచ్చాక నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నా."

ఇలాంటి మాట విన్నప్పుడు నాకు చేతనయింది ఒక్కటే, ఫిర్యాదు. "మరి పెళ్ళిలో ఆ మాటెందుకన్నారు?"

"ఏ మాట?"

ఆవిడకు గుర్తే లేదు. ఇంతకాలం ఆ బరువు నేనొక్కదాన్నే మోశాను. గుర్తు చేశాను. ఆవిడ బాగా ఆలోచించి, "పందిరి నిజంగానే బాగుందే," అంది.

ఇదంతా వెళ్ళి చెప్తే, ఈసారి డాక్టరమ్మ గడియారం వైపు చూడలేదు. రొమ్ము క్యాన్సరూ, అండాశయం క్యాన్సరూ ఒకే వంశంలో కలిసి నడవొచ్చంటూ, ఇలాంటి కుటుంబాలను చూసే క్లినిక్‌కు పంపింది. అక్కడివాళ్ళు, ముందు జబ్బు వచ్చిన మనిషికి రక్తపరీక్ష చేయిస్తే మంచిదన్నారు. మళ్ళీ ఫోన్ చేశాను.

"అత్తయ్యా, మీ రక్తం కావాలి."

"ఇన్నాళ్ళూ తాగింది చాల్లేదా?" అంది. మర్నాడే అక్కడి ఆసుపత్రికి వెళ్ళి ఇచ్చింది.

ఆవిడలో దొరికిన జన్యుదోషం నాలోనూ ఉందని తేలింది. నేను యాభై దాకా ఆగకూడని మనిషినట. ఇప్పుడు ఏటా స్కాన్ తీస్తున్నారు. ఇప్పటివరకైతే ఏమీ లేదు. వెనక ముడులున్న ఆ ఆసుపత్రి గౌను వేసుకుని నా వంతు కోసం కూర్చున్నప్పుడు, "ఆంటీలూ, మీరిద్దరూ మా ఇంట్లో పుట్టలేదు; అత్తయ్యా, మీరు ఉన్నారు" అని మావాళ్ళను మనసులో సరిదిద్దుకుంటూ ఉంటాను. ఆ పది నిమిషాల్లో ప్రసాద్ నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో మాత్రం ఆలోచించను. ఆలోచిస్తే ఆయనకు థాంక్స్ చెప్పాల్సి వస్తుంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. అలగడం మానను, అది నా వల్ల కాదు. కానీ ఇకమీదట ఎవరితోనైనా మాటలు మానేసే ముందు, వాళ్ళకు, వాళ్ళ అమ్మకు, అమ్మమ్మకు, నానమ్మకు ఏ జబ్బు ఏ వయసులో వచ్చిందో మర్యాదగా కూర్చోబెట్టి అడిగి తెలుసుకుంటాను. ఆ తరువాతే అలుగుతాను.